ఇంగ్లండ్ పల్లెల కథ – 6: మూడు పొలాల ఊరు లాక్స్టన్

ఇంగ్లండ్ మధ్య భాగంలో, నాటింగమ్‌షైర్ కౌంటీలో, న్యూవార్క్ పట్టణానికి వాయవ్యంగా లాక్స్టన్ అనే చిన్న ఊరుంది. ఒక పెద్ద వీధి, ఒక చర్చి, ఒక పబ్, వీధికి రెండు పక్కలా ఎర్ర ఇటుకల రైతు ఇళ్ళు. అంతవరకు చూసినవారికి ఇంగ్లండ్‌లోని మిగతా పల్లెలకూ దీనికీ పెద్ద తేడా కనిపించదు. తేడా తెలియాలంటే ఊరు దాటి పొలాల్లోకి వెళ్ళాలి. ఇంగ్లండ్ పల్లెసీమ అనగానే గుర్తుకొచ్చేవి ముళ్ళపొదల దడులు. ప్రతి రైతు పొలం చుట్టూ ఒక దడి, దానికో గేటు ఉంటాయి. లాక్స్టన్ చుట్టూ మాత్రం దడి అన్నది లేకుండా విశాలంగా పరుచుకున్న మూడు పొలాలు కనిపిస్తాయి: పడమటి పొలం, దక్షిణపు పొలం, మిల్లు పొలం. ఒక్కో పొలంలో పలువురు రైతుల భూములు పట్టెలు పట్టెలుగా పక్కపక్కనే ఉంటాయి. ఎవరి పట్టె వారిదే, కానీ ఏ ఏడు ఏ పొలంలో ఏం విత్తాలన్నది ఊరంతటి కట్టుబాటు. మధ్యయుగంలో ఇంగ్లండ్ మధ్య ప్రాంతపు ఊళ్ళలో అత్యధికం ఇలాగే సేద్యం చేసుకునేవి. ఆ పద్ధతీ, దాన్ని నడిపించే ఊరి కోర్టూ రెండూ కలిసి నేటికీ బతికి ఉన్నది లాక్స్టన్‌లో ఒక్కచోటే.

ఊరి లిఖిత చరిత్ర 1086లో మొదలవుతుంది. నార్మన్ రాజు విలియం దేశంలోని భూములన్నింటికీ లెక్క రాయించిన డూమ్స్‌డే పుస్తకంలో లాక్స్టన్ పేరుంది. నార్మన్ల దండయాత్రకు ముందు ఈ ఊరు టోకి అనే స్థానిక భూస్వామిది. 1066 తర్వాత అది జెఫ్రీ ఆల్సెలిన్ అనే నార్మన్ ప్రభువుకు దక్కింది. ఆ వంశపు వారసురాలిని పెళ్ళాడిన రాబర్ట్ డి కో 12వ శతాబ్దం తొలి భాగంలో ఊరికి ఉత్తరాన, గుట్ట అంచున, ఒక కోట కట్టించాడని చరిత్రకారులు చెబుతారు. రాతి బురుజుల కోట కాదది. మట్టిని ఎత్తుగా దిబ్బ పోసి, దాని మీద కర్ర కట్టడం నిలిపి, కింద విశాలమైన ఆవరణ చుట్టూ కందకం తవ్వి మట్టి గోడ పెట్టే నార్మన్ పద్ధతి కోట. కర్ర కట్టడాలు ఎప్పుడో పోయాయి. దిబ్బ, ఆవరణలు, కందకాలు మాత్రం గడ్డి కప్పుకుని స్పష్టంగా మిగిలాయి. నాటింగమ్‌షైర్‌లో ఈ రకం కోటల్లో ఇంత బాగా నిలిచిన ఆనవాళ్ళు మరోచోట లేవు.

మారుమూల పల్లెకు అంత పెద్ద కోట ఎందుకన్న ప్రశ్నకు జవాబు షెర్వుడ్ అడవిలో ఉంది. రాబిన్ హుడ్ కథల వల్ల ఆ అడవి పేరు ప్రపంచమంతా తెలుసు. అది రాజుగారి వేట అడవి. దాన్ని కాపాడే అధికారం లాక్స్టన్ ప్రభువులకు వంశపారంపర్యంగా ఉండేది. జింకను చంపినా, చెట్టు కొట్టినా శిక్షలు కఠినంగా ఉన్న కాలంలో అదేమీ చిన్న పదవి కాదు. పెళ్ళి సంబంధం ద్వారా ఊరు ఎవరింగమ్ వంశానికి చేరింది. 13వ శతాబ్దం చివర రాబర్ట్ డి ఎవరింగమ్ అడవి చట్టాలను తానే ఉల్లంఘించి ఆ పదవిని పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత కోటకు ప్రాముఖ్యం తగ్గిపోయింది. తరవాతి శతాబ్దాల్లో ఆ ఆవరణలోనే ప్రభువుల రాతి ఇల్లొకటి వెలిసింది, అదీ ఇప్పుడు లేదు.

ఎవరింగమ్‌లను చూడాలంటే సెయింట్ మైకేల్ చర్చికి వెళ్ళాలి. నడుముకు కత్తి వేలాడే యోధుల రాతి ప్రతిమలు అక్కడ పడుకుని ఉంటాయి. వాటిలో ఆడమ్ డి ఎవరింగమ్‌ది, అతని ఇద్దరు భార్యలవి అందరూ ఆగి చూసేవి. మొదటి భార్య ప్రతిమ రాతిది, రెండో భార్యది ఓక్ కర్రతో చెక్కింది. ఆ 14వ శతాబ్దపు కర్ర ప్రతిమ కౌంటీ మొత్తంలో ఆ కాలానిది మిగిలిన ఒకే ఒక్కటి. తేమకూ చెదకూ మతకలహాలకూ తట్టుకుని ఆరు వందల ఏళ్ళకు పైగా ఒక కర్ర బొమ్మ నిలవడం విశేషమే. చర్చి నడవ పైభాగంలో వెలుగు కోసం పెట్టిన కిటికీల వరుస 15వ శతాబ్దం చివర యార్క్ ఆర్చిబిషప్‌గా ఉన్న థామస్ రాథరమ్ కాలపు పని. 1859–60లో అప్పటి భూస్వామి మాన్వర్స్ ఎర్ల్ చర్చిని బాగుచేయించాడు. కానీ ఆ పనిలో గోపురాన్ని విప్పి తిరిగి కట్టించి, నడవను కొంత కురచ చేయించాడు. విక్టోరియా కాలపు ఇలాంటి మరమ్మతులు ఇంగ్లండ్‌లో చాలా పాత చర్చిలను కూలిపోకుండా కాపాడాయి, అదే చేత్తో వాటి పాత రూపాన్ని కొంత చెరిపేశాయి. లాక్స్టన్ చర్చికీ ఆ రెండూ జరిగాయి.

కోటా చర్చీ ఇతర ఊళ్ళలోనూ దొరుకుతాయి. లాక్స్టన్ అసలు విశేషం ఆ వీధిలోని రైతు ఇళ్ళ దగ్గర మొదలవుతుంది. చాలా ఇళ్ళు వీధికి పక్కగోడ చూపిస్తూ నిలబడతాయి. ఇంటి వెనుక కొట్టం, గాదె, పెరడు, ఆ వెనుక పొడవాటి సన్నని దొడ్డి ఉంటాయి. ఇంగ్లండ్‌లో పొలాలకు దడులు కట్టుకున్న ఊళ్ళలో రైతులు ఊరు వదిలి తమ భూమి నడుమ ఇళ్ళు కట్టుకున్నారు. ఇక్కడ ఒక రైతు పట్టెలు మూడు పొలాల్లోనూ చెదిరి ఉండేవి కాబట్టి ఊరి మధ్య ఉండటమే అందరికీ సౌకర్యం. అందుకే రైతు కుటుంబాలు ఒకే వీధిలో కలిసి ఉండిపోయాయి.

పొలాల సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. ఇక్కడి నేల బరువైన బంకమట్టి. వానాకాలంలో నీరు నిలుస్తుంది, ఎండితే పెళ్ళలు కడుతుంది. ఇలాంటి నేలను దున్నడానికి పెద్ద నాగలి, దానికి నాలుగో ఆరో ఎనిమిదో ఎద్దులు కావాలి. సామాన్య రైతుకు అన్ని ఎద్దులు ఎక్కడివి? ఇరుగుపొరుగు కలిసి అరక కట్టేవారు. ఆ నాగలి మట్టిని ఎప్పుడూ ఒక పక్కకే తిరగేస్తుంది. పట్టె నడుమ మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ దున్నుకుంటూ పోతే మట్టి నడుముకు చేరి మెట్టగా లేస్తుంది, రెండు పట్టెల మధ్య పల్లంగా ఒక చాలు మిగులుతుంది. వాన నీరు ఆ చాలు వెంట వాలుకు దిగిపోతుంది. ఆ పల్లమే మురుగు కాలువ, అదే సరిహద్దు కూడా. పట్టెకు పట్టెకు మధ్య గడ్డి గట్లుండేవని పాత పాఠ్యపుస్తకాలు రాశాయి. లాక్స్టన్‌లో అలాంటి గట్లు లేవు, ఒక్క చాలే హద్దు. కోట పరిసరాల్లో పచ్చికగా మారిన నేలల్లో ఆ పాత దున్నకపు మెట్టపల్లాలు ఇప్పటికీ అలల్లా కనిపిస్తాయి.

ఎద్దులు ఊపిరి తిప్పుకోకుండా లాగగల చాలు పొడవును ఇంగ్లండ్‌లో ఫర్లాంగు అన్నారు. అది 220 గజాలు. ఆ పొడవుకు 22 గజాల వెడల్పు కలిస్తే ఒక ఎకరా, అంటే 4,840 చదరపు గజాలు. తెలంగాణలో 40 గుంటలుగా, ఆంధ్రలో 100 సెంట్లుగా లెక్కపెట్టే ఎకరా ఇదే. బ్రిటిష్ సర్వే పద్ధతుల వెంట మన దేశానికి వచ్చింది. లాక్స్టన్ పట్టెలన్నీ ఈ కొలతకు సరిగ్గా ఉండేవని కాదు. నేల వాలును బట్టి కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి, కొన్ని వంకరవి. అయితే పట్టె అన్నది కాగితం మీద గీత గీసి పంచినది కాదని, నాగలి పనిలోంచే పుట్టిందని గుర్తుపట్టడానికి ఈ ఊరే ఆధారమైంది.

పంట మార్పిడి మూడేళ్ళ చక్రం. ఒక పొలంలో శరదృతువులో గోధుమ విత్తి మరుసటి వేసవిలో కోస్తారు. రెండో పొలంలో వసంతంలో బార్లీ, బఠాణీ, చిక్కుడు జాతి పంటలు వేస్తారు. మూడో పొలం పడావు. దాన్ని వేసవిలో పలుమార్లు దున్ని కలుపు చంపేవారు, పశువులను తోలి ఎరువు చేసేవారు. మరుసటి ఏడు ఈ వరస ఒక అడుగు జరుగుతుంది. కోత అయిన పొలంలో మోళ్ళు మేసే హక్కు ఊరి పశువులన్నింటికీ ఉండేది. ఇక్కడే కట్టుబాటు అవసరం తెలుస్తుంది. ఒక రైతు తన పట్టెలో తోచిన పంట వేసుకుంటే, పక్కవారి గొర్రెలు మేతకు దిగేసరికి అతని పైరు నిలబడి ఉంటుంది. అందుకే విత్తనం, కోత, మేత అన్నీ ఊరు నిర్ణయించిన తేదీలకే జరిగేవి. పట్టెలు మూడు పొలాల్లోనూ చెదిరి ఉండటంలో ఒక న్యాయం కూడా ఉంది. మంచి నేలా చెడ్డ నేలా, మెరకా పల్లమూ అందరికీ కొంత కొంత దక్కుతాయి. ఒకే పొలం పడావు పడిన ఏడు ఎవరి భూమీ మొత్తంగా ఖాళీగా ఉండదు.

ఈ ఏర్పాటు 17వ శతాబ్దంలో ఎలా ఉండేదో చూపే అపురూపమైన పత్రం ఒకటి మిగిలింది. చేతులు మారుతూ వచ్చిన లాక్స్టన్ ఎస్టేటును లండన్ వ్యాపారి సర్ విలియం కోర్టెన్ కొన్నాడు. పట్టు, నార బట్టల వ్యాపారంలో గడించి, రాజులకే అప్పులిచ్చిన ధనికుడతను. 1627లో బార్బడోస్ దీవిలో ఆంగ్లేయుల వలస స్థావరానికి పెట్టుబడి పెట్టిందీ అతనే. తాను కొన్న ఊరిలో ఎవరి దగ్గర ఎంత భూమి ఉందో తెలుసుకోవడానికి కోర్టెన్ 1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయరుతో ఊరంతా కొలిపించాడు. తోలు కాగితాల మీద గీసిన ఆ పటంలో ప్రతి ఇల్లు, ప్రతి దొడ్డి, ప్రతి పట్టె ఉన్నాయి. ఏ పట్టె ఎవరిదో చెప్పే పుస్తకం దానికి తోడుగా ఉంది. ఖాళీ జాగాల్లో పియర్స్ బొమ్మలు కూడా వేశాడు. నాగలి దున్నేవారు, కోత కోసేవారు, జింకల వేట అందులో కనిపిస్తారు. కౌలు లెక్క కోసం గీసిన పటంలో పని చేస్తున్న మనుషుల్ని కూడా చూపిన ఆ సర్వేయరుకు చరిత్ర ఎంతో రుణపడి ఉంది. ఈ పటం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది.

కోర్టెన్ పేరు భారతదేశ చరిత్రలోనూ వస్తుంది. ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యాన్ని కాదని, అదే 1635లో మొదటి చార్లెస్ రాజు కోర్టెన్ బృందానికి తూర్పు దేశాల వ్యాపారానికి అనుమతి ఇచ్చాడు. జాన్ వెడెల్ నాయకత్వంలో 1636లో బయలుదేరిన ఓడలు గోవా చేరాయి. తరవాత కార్వార్, భట్కల్ రేవుల్లో ఆ బృందం వ్యాపారం సాగింది. కోర్టెన్ మాత్రం 1636లోనే చనిపోయాడు. కొడుకు హయాంలో అప్పులు పెరిగి సంపద కరిగిపోయింది. లాక్స్టన్ కింగ్‌స్టన్ ఎర్ల్ అయిన రాబర్ట్ పియర్‌పాంట్ చేతికి వెళ్ళింది. 19వ శతాబ్దంలో మాన్వర్స్ ఎర్ల్‌లుగా పిలిపించుకున్నది ఆ పియర్‌పాంట్ ఎస్టేటు వారసులే. వారి నివాసం దగ్గర్లోని థోర్స్‌బీ.

ఈలోగా ఇంగ్లండ్ అంతటా పల్లెల స్వరూపం మారిపోయింది. చెదిరిన పట్టెలను ఒకచోట చేర్చి, దడి కట్టి, ఊరుమ్మడి బీళ్ళను కూడా పంచేసుకునే పనిని పార్లమెంటు చట్టాల ద్వారా నడిపారు. 1604 నుంచి 1914 దాకా ఇలాంటి చట్టాలు 5,200కు పైగా వచ్చాయి, వాటి కిందికి వచ్చిన భూమి సుమారు 68 లక్షల ఎకరాలు. దిగుబడి పెంచడానికి ఇది అవసరమని పెద్ద రైతులు, భూస్వాములు వాదించారు. పలుచోట్ల దిగుబడి పెరిగింది కూడా. కానీ ఉమ్మడి బీటిలో ఒక ఆవునో నాలుగు గొర్రెలనో మేపుకుని బతికే పేద ఇంటికి ఆ హక్కు పోయాక మిగిలింది కూలిపనే. ఆ నష్టాన్ని ఏ దిగుబడి లెక్కా చూపదు.

మరి లాక్స్టన్ ఎలా తప్పించుకుంది? పూర్తిగా తప్పించుకోలేదు. 1635లో ఇక్కడ నాలుగో పొలం కూడా ఉండేది, అది తూర్పు పొలం. 18వ శతాబ్దం తొలి భాగంలోనూ ఆ తర్వాతా ఊరి భూమిలో చాలా మేరకు దడులు వచ్చాయి. మిగిలిన మూడు పొలాల మీద మాత్రం పని ముందుకు సాగలేదు. ఊరిలో మాన్వర్స్‌తో పాటు స్కార్‌బరో ఎర్ల్‌కూ భూములుండేవి. ఇద్దరి పట్టెలూ కలగాపులగంగా ఉండటంతో ముందు మార్పిడి జరగాలి, ఆ మార్పిడి మీద పొత్తు కుదరలేదు. సర్వే ఖర్చు, దడుల ఖర్చు, కొత్త ఇళ్ళ ఖర్చు చూస్తే ఈ బంకనేల మీద అంత డబ్బు పెట్టడం లాభమా అన్న సందేహమూ ఉంది. 1870ల తర్వాత ధాన్యం ధరలు పడిపోయి భూస్వాముల ఆదాయం తగ్గాక ఆ ఆలోచనే అటకెక్కింది. ఇది ముందుచూపుతో చేసిన సంరక్షణ కాదు. పెద్దవారి మధ్య కుదరని బేరం వల్ల రైతుల పద్ధతి బతికింది.

20వ శతాబ్దం మొదటి దశకంలో మాన్వర్స్ ఎస్టేటు చిన్న పట్టెలను కలిపి పెద్దవి చేసింది. ఇప్పుడు మూడు పొలాలూ కలిసి ఐదు వందల ఎకరాలకు కాస్త లోపు, వాటిలో పట్టెలు సుమారు 160. ఈ మార్పు లేకపోతే ట్రాక్టర్లు, కోత యంత్రాలు వచ్చాక పాత సన్నని పట్టెల్లో సేద్యం కష్టమయ్యేది. ఊరికి విస్తృత గుర్తింపు తెచ్చింది ఆక్స్‌ఫర్డ్ వ్యవసాయ ఆర్థికవేత్త సి.ఎస్. ఆర్విన్, ఆయన భార్య కలిసి 1938లో ప్రచురించిన ‘ది ఓపెన్ ఫీల్డ్స్’ గ్రంథం. సేద్యం తెలిసిన కళ్ళతో పొలాల చరిత్రను చదివిన పుస్తకమది. 1952లో ఆరవ మాన్వర్స్ ఎర్ల్ ఎస్టేటును వ్యవసాయ మంత్రిత్వ శాఖకు అమ్మాడు. ఈ పద్ధతిని కాపాడాలన్నదే ఆ కొనుగోలు వెనుక ఉద్దేశం. 1981లో ఎస్టేటు క్రౌన్ ఎస్టేట్ కిందికి వచ్చింది.

యజమానులు ఎవరైనా పొలాలను నడిపేది రైతులే, ఆ నడపడానికి సాధనం కోర్ట్ లీట్ అనే ఊరి కోర్టు. ఏటా నవంబరు చివర, గోధుమ విత్తిన పొలాన్ని జ్యూరీ తనిఖీ చేస్తుంది. జ్యూరీ సభ్యులు అక్కడి రైతులే, వారికో పెద్ద ఉంటాడు. పట్టె పట్టెకూ తిరిగి హద్దులు చూస్తారు, కాలువలు పూడాయేమో చూస్తారు, హద్దు చెరిగిన చోట కర్ర మేకులు దిగ్గొడతారు. గట్టు లేని చోట ఏటా ఒక చాలు పక్కకు జరపడం ఎంత తేలికో రైతుకు వేరే చెప్పక్కర్లేదు. ఉమ్మడి దారిలోకో, ఉమ్మడి పచ్చికలోకో నాగలి దూర్చినవారి పేరు రాసుకుంటారు. వారం తర్వాత డవ్‌కోట్ ఇన్ అనే పబ్‌లో కోర్టు కూర్చుంటుంది. స్టీవర్డ్ అధ్యక్షత వహిస్తాడు, భూమి ఉన్నవారి పేర్లు చదువుతారు, జ్యూరీ చెప్పిన తప్పులు విని జరిమానాలు వేస్తారు, వచ్చే ఏటి జ్యూరీని ప్రమాణం చేయించి నియమిస్తారు. తప్పిపోయిన పశువులను బందెలదొడ్డికి తోలే పిండర్ అనే ఊరి ఉద్యోగి పదవి కూడా ఈ వ్యవస్థలో భాగమే. జరిమానాలు చిన్నవే. కానీ రోజూ మొహం చూసుకునే తోటి రైతులు తప్పు పట్టారన్న మాట బరువు ఆ సొమ్ముకన్నా ఎక్కువ. 1977 నాటి న్యాయపాలన చట్టం దేశంలో మిగిలిన ఇలాంటి పాత కోర్టుల న్యాయాధికారాన్ని తీసేసింది. లాక్స్టన్ కోర్టుకు మాత్రం ఆ అధికారాన్ని ఉంచింది, ఎందుకంటే ఇక్కడ దానికి నిజంగా పని ఉంది.

పొలాల్లో దున్నడానికి వీలుకాని పల్లపు, వాలు ముక్కలను సైక్‌లు అంటారు. వాటిలో గడ్డి పెరుగుతుంది. ఏటా వేసవిలో ఆ గడ్డిని వేలం వేస్తారు, వచ్చిన సొమ్ము ఉమ్మడి హక్కులున్నవారికి చేరుతుంది. శతాబ్దాలుగా నాగలి తగలని ఆ ముక్కల్లో అరుదైన పూల మొక్కలు మిగిలాయి కనుక వాటికి ప్రకృతి రక్షణ చట్టం కింద ప్రత్యేక గుర్తింపు ఉంది. పడావు విషయంలో మార్పు వచ్చింది. రసాయన ఎరువులు, కలుపు మందులు వచ్చాక నేలను ఏడాది పొడుగునా ఖాళీగా ఉంచే అవసరం తగ్గి, మూడో పొలంలో గడ్డి, పశుగ్రాసం వేస్తున్నారు. కొందరు దీన్ని సంప్రదాయ భంగంగా చూస్తారు. అది సరికాదు. కట్టుబాట్లను మార్చుకునే అధికారం ఊరికి మొదటి నుంచీ ఉంది, ఆ అధికారం ఉండటం వల్లే ఈ పద్ధతి నిలిచింది. ఇక్కడి ప్రతి రైతుకూ మూడు పొలాల్లోని పట్టెలతో పాటు దడి కట్టిన సొంత కమతం కూడా ఉంటుంది. పట్టెల మీదే బతకాల్సి వస్తే ఈ కాలంలో ఎవరూ నిలదొక్కుకోలేరు.

ఊరికి చెందిన కొత్త కట్టడం ఒకటి చెప్పాలి. 1995లో ఒక కుటుంబం లాక్స్టన్ పరిధిలో బెత్ షాలోమ్ అనే కేంద్రాన్ని నెలకొల్పింది. హిట్లర్ జర్మనీ చేసిన యూదుల సామూహిక హత్యాకాండను గుర్తుంచుకోవడానికి బ్రిటన్‌లో ఏర్పడిన తొలి ప్రత్యేక కేంద్రం అది. నేడది నేషనల్ హోలోకాస్ట్ సెంటర్. పాఠశాల పిల్లలు పెద్ద సంఖ్యలో వచ్చేది అక్కడికే. పొలాల పద్ధతిని వివరించే చిన్న సందర్శక కేంద్రం డవ్‌కోట్ ఇన్ దగ్గరే ఉంది.

లాక్స్టన్‌ను అమ్ముతామని క్రౌన్ ఎస్టేట్ ప్రకటించినప్పుడు మూడు పొలాలు ఏమవుతాయన్న ఆందోళన చరిత్రకారుల్లోనూ ఊరివారిలోనూ వచ్చింది. 2020లో దాన్ని థోర్స్‌బీ ఎస్టేటు కొన్నది. 68 ఏళ్ళ తర్వాత ఊరు మళ్ళీ మాన్వర్స్ వారసుల ఆధీనంలోకి వచ్చింది. రైతులు కౌలుదారులుగానే ఉన్నారు. పొలాల హద్దులు, పంటల వరస, జరిమానాలు కోర్ట్ లీట్ చేతిలోనే ఉన్నాయి.

(సశేషం)